తల్లాడ ఇంట్లో మీడియా సర్వరు: కరెంటు లెక్క, రెండు హార్డ్ డిస్కులు

ఖమ్మం నుంచి వైరా మీదుగా సత్తుపల్లికి సాగే రహదారి నుంచి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం పోయే దారి చీలే చోట ఉన్న తల్లాడ, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండే వరి, మిర్చి చేలకూ, భద్రాచలం దాకా పరుచుకున్న అడవికీ నడుమనున్న మండల కేంద్రం. ఇలాంటి ఊరిలో ఒక కుటుంబం నాలుగు దశాబ్దాలుగా పోగుచేసుకున్న పాటలూ, ఫోటోలూ, వీడియోలూ ఒక్కచోట ఉండవు; పెద్దకొడుకు పెళ్లి వీహెచ్ఎస్ క్యాసెట్టులోనూ, చిన్నకొడుకు పెళ్లి డీవీడీలోనూ, మనవరాలి ఓణీల వేడుక స్టూడియో వారిచ్చిన పెన్‌డ్రైవులోనూ, తాతగారు పాడిన తత్వాలు అటక మీది టేపులోనూ, మిగిలినవన్నీ తెర పగిలి మూలపడిన ఫోన్ల మెమరీ కార్డుల్లోనూ ఉంటాయి. వీటన్నిటినీ ఒక హార్డ్ డిస్కులోకి చేర్చి, ఇంట్లోని ఏ టీవీలోనైనా, ఏ ఫోనులోనైనా చూసుకునేందుకు వీలుగా అందించే చిన్న కంప్యూటరుకు మీడియా సర్వరు అని పేరు. సర్వరు అనగానే నగరాల్లోని చల్లని గదులూ, బారులు తీరిన ఇనుప బీరువాలూ గుర్తుకు రావచ్చు గాని, అడిగినదాన్ని అడిగిన పరికరానికి అందించే యంత్రం అరచేతిలో ఇమిడేంత చిన్నదైనా సర్వరే అవుతుంది.

ఈ ఏర్పాటు గురించి సాధారణంగా జరిగే చర్చలో యంత్రం వేగానికీ, డిస్కు పరిమాణానికీ పెద్దపీట దక్కుతుంది. తల్లాడ వంటి చోట మాత్రం ముందుగా తేల్చుకోవలసిన సంగతి విద్యుత్తు: యంత్రం ఎంత కరెంటు తింటుంది, డిస్కుకు చాలినంత కరెంటు అందుతుందా, అది ఉన్నట్టుండి పోతే ఏమవుతుంది అనే ప్రశ్నలకు సమాధానం దొరికితే, కొనవలసిన వస్తువుల జాబితా దానంతటదే తేలిపోతుంది.

అంతకంటే ముందు ఒక అపోహ తొలగాలి. వైఫై అంటే ఇంటర్నెట్ అనే భావన జనంలో బాగా స్థిరపడింది. నిజానికి రౌటరు అనే పెట్టె రెండు వేర్వేరు పనులు చేస్తుంది. ఇంటిలోని పరికరాలను ఒకదానితో ఒకటి కలపడం మొదటి పని, ఆ పరికరాలన్నిటినీ బయటి ఇంటర్నెట్‌కు కలపడం రెండవ పని. మీడియా సర్వరుకు కావలసింది మొదటి పని మాత్రమే. నెలవారీ రీచార్జి అయిపోయినా, గాలివానకు ఫైబరు తీగ తెగినా, అడవి అంచు పల్లెలో సిగ్నలు ఒకే గీత దగ్గర నిలిచిపోయినా, సర్వరులోని పెళ్లి వీడియో ముందు గదిలోని టీవీకి నిరాటంకంగా చేరుతుంది, ఒక్క మెగాబైటు డేటా కూడా ఖర్చు కాదు. మంచి నాణ్యత గల సినిమాకు సెకనుకు 8 మెగాబిట్ల ప్రవాహం చాలు కనుక, సెకనుకు 100 మెగాబిట్లు మాత్రమే మోయగల పాత రౌటరైనా తీగతో కలిపినప్పుడు రెండు మూడు టీవీలకు సరిపోతుంది.

ఇక విద్యుత్తు లెక్క. ఒక కిలోవాటు శక్తిని గంటసేపు వాడితే ఒక యూనిట్. పాత డెస్క్‌టాప్ కంప్యూటరును సర్వరుగా మార్చి రాత్రింబగళ్లు నడిపితే, అది 70 వాట్లు తీసుకుంటుందనుకున్నా, నెలకు 50 యూనిట్లు దాటుతుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హత గల కుటుంబాలకు సున్నా బిల్లు వస్తోంది, ఆ హద్దు దాటితే మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది; కాబట్టి ఫ్యాన్లూ, ఫ్రిజ్జూ కలిసి ఇప్పటికే 160, 170 యూనిట్ల దగ్గర ఉన్న ఇంటికి ఈ 50 యూనిట్లు చిన్న సంగతి కావు. అదే పనిని రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు, రెండు చిన్న హార్డ్ డిస్కులతో కలిపి, సుమారు 8 వాట్లతో చేయగలదు. అంటే రోజంతా ఆర్పకుండా ఉంచిన ఎల్ఈడీ బల్బు ఎంత తీసుకుంటుందో దాదాపు అంతే, నెలకు ఆరు యూనిట్ల లోపు.

ఆ లెక్క కూడా రోజుకు 24 గంటలు నడిపితేనే. సర్వరును ఎన్నడూ ఆపకూడదన్న పట్టింపు కంపెనీల నుంచి ఇళ్లకు వచ్చిన అలవాటు. ప్రపంచం నలుమూలల నుంచి ఎవరో ఒకరు అడుగుతూ ఉండే చోట దానికి అర్థం ఉంది గాని, పగలు అందరూ చేలకో బడికో పోయే ఇంట్లో లేదు. సాయంత్రం 6 నుంచి 10 దాకా నడిపితే నెలకు ఒక యూనిట్ కూడా కాదు, డిస్కుల ఆయుష్షు మీద భారం కూడా ఆ మేరకు తగ్గుతుంది. అయితే ఆపడం అంటే స్విచ్చి కట్టేయడం కాదు, ముందుగా యంత్రానికి ఆజ్ఞ ఇచ్చి, అది తన పనులు ముగించుకున్నాక మాత్రమే కరెంటు తీయాలి. ఫలానా వేళకు తనంతట తానే ముగించుకునేలా, యంత్రాన్ని నడిపించే లైనక్స్ అనే ఉచిత వ్యవస్థలో ఒక చిన్న ఏర్పాటు చేసి ఉంచడం ఇంకా మేలు.

బ్రిటన్‌లో పాఠశాల పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే ఉద్దేశంతో రూపొందించి 2012 ఫిబ్రవరి 29న విడుదల చేసిన రాస్‌ప్‌బెర్రీ పై, ఇళ్లలో ఇలాంటి పనులకు ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. 2019లో వచ్చిన నాలుగవ తరంతో దానికి వేగవంతమైన యూఎస్‌బీ 3 పోర్టులు, గిగాబిట్ నెట్‌వర్క్ పోర్టు అమరడం వల్ల మీడియా సర్వరుగా నిజంగా పనికివచ్చే స్థితి ఏర్పడింది. 2023లో ఇంటెల్ తెచ్చిన ఎన్100 ప్రాసెసరు ఉన్న చిన్న పెట్టె కంప్యూటర్లు ఇంకొంచెం ఎక్కువ కరెంటు తీసుకున్నా ఇంకా సమర్థమైనవి. కాని తల్లాడ ఇంటికి వీటన్నిటికంటే ముందుగా ఆలోచించదగినది, కాలేజీ చదువు ముగించిన పిల్లలు వదిలిపెట్టిన పాత ల్యాప్‌టాప్. తెర ఆపి ఉంచితే అది 15 వాట్ల చుట్టుపక్కల నడుస్తుంది, కొత్తగా పైసా ఖర్చు లేదు, అన్నిటికీ మించి దానిలో బ్యాటరీ ఉంది కనుక కరెంటు పోయినప్పుడు యంత్రం ఆరిపోదు. ఆ బ్యాటరీ ఉబ్బి ల్యాప్‌టాప్ అడుగుభాగం పైకి లేచినట్టు కనిపిస్తే మాత్రం ఈ ఆలోచన మానుకోవాలి, ఎందుకంటే ఉబ్బిన లిథియం బ్యాటరీ నిప్పు అంటుకోగలదు.

హార్డ్ డిస్కుల విషయం కొంచెం లోతుగా చూడవలసినది. బయట నుంచి తగిలించే హార్డ్ డిస్కులు రెండు కొలతల్లో దొరుకుతాయి. చొక్కా జేబులో పట్టే రెండున్నర అంగుళాల డిస్కు యూఎస్‌బీ తీగ నుంచే కరెంటు తీసుకుంటుంది, తిరుగుతున్నప్పుడు రెండు వాట్ల చుట్టూ ఉంటుంది. మూడున్నర అంగుళాల డిస్కు పెద్దది, దానికి 12 వోల్టుల అడాప్టరు విడిగా కావాలి, ఒక్కటే ఐదు నుంచి ఎనిమిది వాట్లు తింటుంది. తక్కువ విద్యుత్తే లక్ష్యమైతే ఎంపిక చిన్న డిస్కుదే అవుతుంది గాని, చిక్కు కూడా అక్కడే ఉంది. నిలిచి ఉన్న పళ్లెం తిరగడం మొదలుపెట్టే ఒకటి రెండు సెకన్లలో ఆ చిన్న డిస్కు సుమారు ఒక ఆంపియరు లాగుతుంది. నాలుగవ తరం రాస్‌ప్‌బెర్రీ పై తన నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి ఇవ్వగలిగింది 1.2 ఆంపియర్లు మాత్రమే. ఐదవ తరం యంత్రం దాని సొంత 5 ఆంపియర్ల అడాప్టరుతో నడిస్తే 1.6 ఆంపియర్లు ఇస్తుంది గాని, మామూలు ఫోను చార్జరుతో నడిపితే 0.6కే పరిమితమవుతుంది. రెండు డిస్కులు ఒకేసారి మేలుకున్నప్పుడు వోల్టేజి కుంగి, డిస్కు టిక్కు టిక్కుమంటూ మళ్లీ మళ్లీ ప్రయత్నించి విఫలమవుతుంది. చాలా మంది దీన్ని చెడిపోయిన డిస్కు అనుకుని పారేస్తారు. సొంత అడాప్టరు గల యూఎస్‌బీ హబ్‌ను, అంటే ఒక పోర్టును నాలుగుగా పంచుతూ తన కరెంటు తానే తెచ్చుకునే పెట్టెను, మధ్యలో పెడితే ఈ బాధ తీరుతుంది.

కొనేటప్పుడు పరిమాణం విషయంలో కలిగే అనుమానం ఒకటుంది. ఒక టెరాబైటు అని అట్టపెట్టె మీద రాసి ఉన్న డిస్కును విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే 931 గిగాబైట్లనే చూపుతుంది. ఇందులో మోసం ఏమీ లేదు, తయారీదారు వేయి చొప్పున లెక్కిస్తే విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తుంది. ఆ ఒక టెరాబైటులో ఎంత పడుతుందో చెప్పాలంటే, 90 నిమిషాల ఆడియో క్యాసెట్టును 128 కిలోబిట్ల ఎంపీ3గా మారిస్తే సుమారు 86 మెగాబైట్లవుతుంది కాబట్టి, అలాంటివి పదకొండు వేలకు పైగా పడతాయి. నిండిన డీవీడీలైతే 200కు పైగా పడతాయి. ఒక కుటుంబానికి రెండు టెరాబైట్లు మించి అవసరం పడడం అరుదు, సినిమాలు పోగుచేసే సరదా ఉంటే తప్ప.

కరెంటు ఉన్నట్టుండి పోవడం వల్ల కలిగే నష్టం కంటికి కనిపించనిది. డిస్కు మీద ఒక ఫైలు రాస్తున్నప్పుడు, ఫైలు అసలు భాగం ఒక చోట, అది ఎక్కడుందో చెప్పే చిట్టా ఇంకో చోట రాయబడతాయి. రెంటికీ నడుమ కరెంటు పోతే చిట్టాకూ సరుకుకూ పొంతన ఉండదు. దీనికి విరుగుడుగా కొన్ని ఫైల్ వ్యవస్థలు, అంటే డిస్కు మీద సమాచారాన్ని అమర్చే పద్ధతులు, చేయబోయే మార్పును ముందుగా ఒక జర్నల్‌లో రాసుకుంటాయి. కరెంటు తిరిగి వచ్చాక ఆ జర్నల్ చూసి సగంలో ఆగిన పనిని సరిచేసుకుంటాయి. లైనక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4కు ఈ సౌకర్యం ఉంది. బజారులో దొరికే పెన్‌డ్రైవుల్లోనూ, కొన్ని హార్డ్ డిస్కుల్లోనూ ఉండే ఎక్స్‌ఫ్యాట్‌కు లేదు. అందుచేత సర్వరుకు శాశ్వతంగా తగిలించి ఉంచే డిస్కును కొన్న వెంటనే, అందులో ఏమీ ఎక్కించకముందే, ఈఎక్స్‌టీ4లోకి మార్చుకోవడం మంచిది. రాస్‌ప్‌బెర్రీ పై నడిచేది మెమరీ కార్డు మీద కాబట్టి డిస్కు కంటే ముందు ఆ కార్డే దెబ్బతినడం మామూలు. దాని నకలు ఒకటి తీసి డబ్బాలో దాచి ఉంచితే పావుగంటలో సర్వరు మళ్లీ లేచి కూర్చుంటుంది.

ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో 8 వాట్ల భారం లెక్కలోకి రాదు. నిజానికి ఇన్వర్టరు తన నడకకు తాను వాడుకునే కరెంటే అంతకంటే ఎక్కువ. ఇన్వర్టరు లేని ఇంట్లో రౌటరుకు వాడే చిన్న లిథియం బ్యాటరీ పెట్టె, ఐదు వోల్టులు ఇవ్వగలిగినదైతే, యంత్రం సవ్యంగా ముగించుకునేంత సమయం ఇస్తుంది. ఏప్రిల్, మే నెలల గాలిదుమారాల వేళ పిడుగుల సంగతి వేరు. పిడుగు ప్రభావం కరెంటు తీగలోనే కాక, డిష్ కేబులులోనూ ఇంటర్నెట్ తీగలోనూ ప్రయాణించగలదు కనుక ఉరుములు మొదలవగానే అన్ని తీగలూ ఊడదీయడం తప్ప నమ్మకమైన మార్గం లేదు.

వేడి మరో శత్రువు. జేబు హార్డ్ డిస్కుల తయారీదారులు సాధారణంగా గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మించకూడదని నిర్దేశిస్తారు. కొత్తగూడెం, భద్రాచలం పరిసరాల్లో మే నెల ఎండ 45 డిగ్రీలను తాకడం వింత కాదు, రేకుల ఇంటి లోపల మధ్యాహ్నం వేళ పరిస్థితి చెప్పనక్కరలేదు. టీవీ కింద అద్దాల షోకేసులో అందంగా అమర్చడం చాలా ఇళ్లలో కనిపించే పద్ధతి, డిస్కుకు అంతకంటే చెడ్డ చోటు లేదు. ఉత్తరపు గోడ వైపు, నేలకు దగ్గరగా, గాలి ఆడే చోట, చీమలూ చెదలూ ఎక్కకుండా కొంచెం ఎత్తు పీట మీద ఉంచడమే తగినది. వేసవి పగటి వేళ సర్వరు ఆపి ఉంచడానికి ఇది రెండవ కారణం.

సాఫ్ట్‌వేరు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు, ఎందుకంటే కావలసినవన్నీ ఉచితంగా దొరుకుతాయి. ఫోల్డర్లను ఇంట్లోని కంప్యూటర్లకు పంచడానికి సాంబా, టీవీ తెర మీద బొమ్మలతో జాబితా చూపడానికి జెల్లీఫిన్ సరిపోతాయి. ఎంబీ అనే సాఫ్ట్‌వేరు మూలపాఠం బహిరంగంగా లభించడం ఆగిపోయినప్పుడు, 2018 డిసెంబరులో దాని నుంచి విడివడి స్వచ్ఛంద కార్యకర్తల చేతుల్లో పెరిగినది జెల్లీఫిన్. చిన్న యంత్రానికి భారమయ్యే పని ఒక్కటే ఉంది. సర్వరులోని వీడియో ఏ పద్ధతిలో కుదించి ఉందో ఆ పద్ధతి టీవీకి తెలియకపోతే, సర్వరు దాన్ని అప్పటికప్పుడు విప్పి వేరొక పద్ధతిలో మళ్లీ కుదించి పంపవలసి వస్తుంది. దీన్నే ట్రాన్స్‌కోడింగ్ అంటారు. దీనికి రాస్‌ప్‌బెర్రీ పై చాలదు, వీడియో ఆగి ఆగి నడుస్తుంది. ఎక్కించేటప్పుడే వీడియోను హెచ్.264 పద్ధతిలోకీ, శబ్దాన్ని ఏఏసీలోకీ మార్చి ఎంపీ4 ఫైలుగా ఉంచితే, గత పదిహేనేళ్లలో వచ్చిన టీవీల్లో, ఫోన్లలో అత్యధిక భాగం దాన్ని నేరుగా చదువుకుంటాయి, సర్వరు పని అందించడం వరకే ఉంటుంది. ఇదే యంత్రంలో కివిక్స్ అనే సాఫ్ట్‌వేరు పెడితే, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను మొత్తంగా దింపుకుని సిగ్నలు లేని చోట కూడా చదువుకోవచ్చు. అడవి వైపు బడులకు ఇది సినిమాలకంటే విలువైన సరుకు.

సర్వరు కట్టడం ఒక వారాంతంలో అయిపోతుంది, అందులోకి ఎక్కించవలసిన పాత క్యాసెట్ల పని మాత్రం నెలలు పడుతుంది. వీహెచ్ఎస్ క్యాసెట్ల డెక్కులను తయారుచేస్తూ వచ్చిన చివరి సంస్థ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జూలైలో ఆ తయారీ ఆపివేసింది. క్యాసెట్టు బాగున్నా దాన్ని ఆడించే డెక్కు రానురాను దొరకదన్న మాట. వానాకాలం తేమకు టేపు మీద బూజు పట్టే ప్రాంతమిది కనుక, ఆలస్యానికి రెండు వైపుల నుంచీ నష్టమే.

ఈ టేపుల్లో ఏముంటుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఉషశ్రీ గారు ఆకాశవాణిలో చేసిన భద్రాచల సీతారామ కల్యాణ వ్యాఖ్యానాన్ని రేడియో పక్కన టేప్‌రికార్డరు పెట్టి పట్టుకున్న ఇళ్లు ఈ ప్రాంతంలో ఉండడం సహజం. అడవి వైపు పల్లెల్లో ఇంకా అరుదైనవి ఉండవచ్చు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల గాథలను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడిన వారు, 2022లో పద్మశ్రీ పొందారు, 2024 జూన్‌లో కన్నుమూశారు. అలాంటి గాయకుల పాట కాగితం మీద ఉండదు, గొంతులో ఉంటుంది. జాతరలో ఎవరో ఫోనుతో తీసిన నాలుగు నిమిషాల వీడియో కూడా అందుకే భద్రపరచదగినది. అయితే ఆ ఫైలుకు పాడినవారి పేరు, ఊరు, తేదీ తెలుగులోనే రాసి ఉంచాలి. సంవత్సరం ముందు, నెల తరువాత, తేదీ చివర రాస్తే జాబితా కాలక్రమంలో వరుసగా నిలుస్తుంది. సినిమాల జాబితా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోగల జెల్లీఫిన్‌కు ఇంటి పాటల వివరాలు ఎక్కడా దొరకవు. కాపీరైటు చట్టం సొంత వినియోగానికి కొంత వెసులుబాటు ఇస్తుంది గాని, కళాకారుల పాటను ఇల్లు దాటించి పంచాలంటే వారి అనుమతి తీసుకుని, ఒక ప్రతిని వారి కుటుంబానికి కూడా ఇవ్వడం మర్యాద.

శీర్షికలో రెండు డిస్కులని అనడానికి కారణం, ఒక్క డిస్కులో ఉన్నది భద్రపరచినట్టు కాదు. రెంటినీ ఒకేసారి తగిలించి ఒకదాని అద్దంలా మరొకటి మారేలా అమర్చే పద్ధతి ఉంది. ఒక డిస్కు చెడితే అది కాపాడుతుంది గాని, పొరపాటున ఒక ఫోల్డరు తుడిచేస్తే రెంటిలోనూ పోతుంది, పిడుగుపాటుకు రెండూ కాలుతాయి. దాని బదులు రెండవ డిస్కును నెలకొకసారి మాత్రమే తగిలించి, ఆర్‌సింక్ అనే సాధనంతో కొత్తగా చేరిన ఫైళ్లను నకలు చేసి, తిరిగి ఊడదీసి, వీలైతే ఖమ్మంలోనో హైదరాబాదులోనో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచడం ఉత్తమం. రెండు డిస్కులూ ఒకే రోజు ఒకే దుకాణంలో కొనకపోవడం కూడా తెలివైన పని, ఒకే విడతలో తయారైనవి ఒకే కాలంలో చెడే అవకాశం ఉంది.

ఇంత చేశాక ఒక కాగితం రాయాలి. ఇలాంటి ఏర్పాటు ఇంట్లో ఒక్కరికే అర్థమై ఉంటుంది, ఆ ఒక్కరు ఉద్యోగరీత్యా దూరం వెళ్లినా, అనారోగ్యం పాలైనా మిగతావారికి అది పెట్టె మాత్రమే. పాస్‌వర్డు ఏమిటి, యంత్రాన్ని ఎలా ఆపాలి, రెండవ డిస్కు ఎవరింట్లో ఉంది అనేవి ఆ కాగితంలో ఉండాలి. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో, మరో సంగతి ఉండాలి: ఈఎక్స్‌టీ4లో అమర్చిన డిస్కును విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే దాన్ని చదవడం విండోస్‌కు తెలియదు, కాబట్టి డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలని తెర మీద అడుగుతుంది, అప్పుడు నొక్కవలసింది క్యాన్సిల్.